హవాయి ప్రాంతీయ వంటశైలి: సముద్రపు ఒడ్డున వడ్డించే విస్తరిలో ఏముంటుంది?

హవాయి దీవుల తీరంలోని పెద్ద భోజనశాలలో మెనూ చేతికందగానే కొత్తవారికి తికమక కలుగుతుంది. చేపల పేర్లు హవాయి భాషలో ఉంటాయి. వాటి పక్కనే జపాను మిసో, చైనా సోయా సాస్, అల్లం, కొబ్బరిపాలు, ఫ్రెంచి పద్ధతిలో వెన్నతో చేసిన సాస్ దర్శనమిస్తాయి. దీనినే హవాయి ప్రాంతీయ వంటశైలి అంటున్నారు. ఇది అక్కడి మూలవాసుల సంప్రదాయ భోజనం కాదు. దీనికి ఈ పేరు వచ్చి మూడు దశాబ్దాలు దాటిందంతే.

1980ల వరకు అక్కడి విలాసవంతమైన హోటళ్లలో ఐరోపా వంటలదే రాజ్యం. చుట్టూ పసిఫిక్ మహాసముద్రం ఉన్నా, విదేశాల నుంచి వచ్చిన గడ్డకట్టిన చేపను వడ్డించడం సాధారణంగా ఉండేది. దీనికి విసిగిన పన్నెండు మంది వంటనిపుణులు 1991లో ఒకచోట చేరి, స్థానిక రైతులు, మత్స్యకారుల సరుకుతోనే వండాలని నిశ్చయించుకున్నారు. రాయ్ యమగుచి, ఆలన్ వాంగ్, సామ్ చోయ్, పీటర్ మెరిమన్ వారిలో ప్రసిద్ధులు. యమగుచి, వాంగ్ ఇద్దరూ టోక్యోలో జన్మించినవారే.

విస్తరిలోని ఈ కలగలుపుకు మూలం చెరకు తోటలలో ఉంది. 19వ శతాబ్దం మధ్య నుంచి చైనా, జపాన్, పోర్చుగల్, కొరియా, ఫిలిప్పీన్స్ కూలీలు విడతలుగా ఆ తోటలకు వచ్చారు. మధ్యాహ్నం పక్కపక్కన కూర్చుని విప్పిన అన్నం డబ్బాల నుంచే ఈ రుచులు ఒకదానిలో ఒకటి కలిశాయి. వంటనిపుణులు దానికి మెరుగులు దిద్దారు, ధర పెంచారు.

మూలవాసుల ఆహారానికి ఆధారం చేమదుంప. హవాయి భాషలో దాని పేరు ‘కలో’. దుంపను ఉడికించి, దంచి, నీరు కలిపి చేసే ముద్ద ‘పోయి’. రెండు మూడు రోజులు నిలవుంచితే పులుస్తుంది. చేమాకులో మాంసం, చేప చుట్టి ఆవిరిపై ఉడికిస్తే ‘లావులావు’. చేమను సరిగా ఉడికించకపోతే గొంతు దురద పెడుతుందని మన ఇళ్లలో చెప్పే మాట అక్కడా చెబుతారు. పాలినీషియన్ నావికులు తమ పడవలలో ఈ దుంపతో పాటు అరటి, చెరకు, పసుపు కూడా వెంట తెచ్చుకున్నారు.

ఇక చేప సంగతి. ‘అహి’ అంటే ట్యూనా. దానిని పచ్చిగా ముక్కలు కోసి ఉప్పు, నువ్వుల నూనె, సముద్రపు నాచు కలిపితే ‘పోకే’ అవుతుంది. ‘ఓనో’ ఒక చేప పేరు. ఆ మాటకు రుచికరం అనే అర్థమూ ఉంది. ‘మహిమహి’ని ఆంగ్లంలో డాల్ఫిన్ చేప అంటారు గానీ, డాల్ఫిన్‌కూ దానికీ సంబంధం లేదు. హొనొలులు రేవులో తెల్లవారకముందే మొదలయ్యే వేలంలో పెద్ద చేపలను ఒక్కొక్కటిగా అమ్ముతారు. కొనేవారు తోక దగ్గర కోసి చూపిన మాంసం రంగును, కొవ్వును పరిశీలించి ధర పలుకుతారు. మావి దీవిలో 1973 నుంచి నడుస్తున్న మామాస్ ఫిష్ హౌస్ అనే తీర భోజనశాల మరో అడుగు ముందుకు వేసి, చేపను పట్టిన మత్స్యకారుని పేరు మెనూలో అచ్చువేస్తుంది. దాన్ని ప్రచార చమత్కారంగా కొట్టిపారేయలేము. ఆ పేరు వల్ల చేప ఎక్కడిదో తెలుస్తుంది.

ఎందుకంటే హవాయి తన ఆహారంలో 80 శాతానికి పైగా బయటి నుంచే తెచ్చుకుంటోంది. ‘స్థానికం’ అన్న మాట మెనూలో రాయడం సులువు, నిలబెట్టుకోవడం కష్టం. చేమ మళ్లకు పారే నీరు కావాలి. తూర్పు మావిలోని వాగుల నీటిని శతాబ్దానికి పైగా చెరకు తోటలకు మళ్లించారు. చివరి చక్కెర మిల్లు 2016లో మూతపడింది. దీర్ఘకాలం సాగిన వివాదం తరువాత, 2018లో రాష్ట్ర జలవనరుల కమిషన్ కొన్ని వాగులకు పూర్తి ప్రవాహాన్ని తిరిగి వదలాలని ఆదేశించింది. ఆ నీరు చేరిన మళ్లలో చేమ వేస్తేనే విస్తరిలోని ‘పోయి’ ఆ దీవిది అవుతుంది.