'కిలో ఎంత పడింది?': కోలారు తెలుగు పిల్లల చదువులో పనిభాష

కర్ణాటక-ఆంధ్ర సరిహద్దున ఉన్న కోలారు జిల్లాలో తెలుగు ఇంటి పిల్లలు కన్నడ మాధ్యమంలో వెనకబడితే నెపం ఇంటిభాష మీదికి నెట్టేయడం పరిశోధకులకు అలవాటైపోయింది. శ్రీనివాసపురం వైపు ఒక పల్లెబడిలో గడిపిన ఒక్క పూటతో నాకు ఆ నెపం మీద నమ్మకం పోయింది.

15 కిలోల టమోటా బాక్సు 180 రూపాయలకు పోతే కిలో ఎంత పడింది అని ఏడో తరగతి పిల్లవాణ్ణి అడిగాను. "పదికి నూట ఇరవై, అయిదుకి అరవై. పన్నెండు సార్" అన్నాడు. కాగితం ముట్టలేదు. అదే లెక్కను 'ప్రతి కిలోగ్రామిన బెలె ఎష్టు' (ప్రతి కిలో ధర ఎంత) అని కన్నడంలో రాసిస్తే 180ని 15తో హెచ్చవేసి, 2,700 కింద గీత కొట్టాడు. టమోటా ధర మండిపోయిన 2023 జూలైలోనూ కోలారు ఏపీఎంసీ మార్కెట్లో రెండు వేలు దాటింది బాక్సు ధరే. కిలో 2,700 అని వాడు మండీలో చచ్చినా అనడు. ఎందుకు హెచ్చవేశావంటే, "ప్రతి అని ఉంటే గుణాకారమే సార్" అన్నాడు.

మొదటి జవాబులో భాగహారమే లేదు. పన్నెండును మనసులో పెట్టుకుని, పదిహేనును పదిగా, అందులో సగంగా విడగొట్టి సరిచూసుకున్నాడు. పుస్తకం విభాగ న్యాయమనేది దీన్నే. బాక్సు పద్నాలుగు కిలోలదైతే ఈ ఒడుపు పుట్టేది కాదు.

ఇక్కడ అందరూ బ్రెజిల్ అధ్యయనాన్ని తెచ్చి చూపుతారు. రెసీఫీలో అంగడి పిల్లల మీద కారహెర్ దంపతులు, ష్లీమన్ 1985లో ప్రచురించినది: అంగట్లో 98 శాతం సరైన జవాబులు, అంకెలు మాత్రమే ఇచ్చిన కాగితం మీద 37. తేడా సందర్భానిదని వారి తీర్పు. నా తగవు అక్కడే. రెసీఫీలో అంగడిదీ బడిదీ ఒకటే పోర్చుగీసు. భాష మారని చోట నిలబడి భాష పాత్ర తేల్చలేం. పైగా వారు పరీక్షించింది అయిదుగురు పిల్లల్ని. (నాదీ పెద్ద గుంపేం కాదు, కానీ నేను ప్రపంచానికి సూత్రం చెప్పడం లేదు.) మా పిల్లవాడికి కాగితం మీద కూడా సరుకు అదే, బాక్సు అదే. మారింది అడిగిన మాట: నోటి పనిభాషలోని 'పడింది' పోయి, రాసిన కన్నడంలోని 'ప్రతి' వచ్చింది.

విజ్ఞాన పాఠంలో ఇది ఇంకా స్పష్టం. కన్నడంలో అంతర్జల అంటే భూగర్భ జలం. దీర్ఘమిచ్చి అంతర్జాల అంటే ఇంటర్నెట్టు. ఒకమ్మాయి పాఠంలో మొదటిదాన్ని రెండోదిగా చదివి, నీళ్ళ పాఠంలో ఫోనెందుకని నన్నే అడిగింది. తమ బోరు వెయ్యి అడుగులు దాటినా దుమ్మే లేచిందనీ, 2018 తర్వాత కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరు నుంచి పంపే శుద్ధిచేసిన మురుగునీళ్ళు చెరువులోకి వచ్చాక పక్క బోరు పలికిందనీ అదే నోటితో తెలుగులో చెప్పింది. ఇంకుడు గురించి ఆమెకు నేర్పాల్సింది పేరే.

ఇదే జిల్లాలోని బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో కథ తిరగబడింది: అక్కడ పనే పోయింది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. లోతుకు పోయేకొద్దీ రాయి వేడెక్కుతుందన్నది అక్కడి తమిళ, తెలుగు ఇళ్ళలో షిఫ్టు దిగి వచ్చినవాళ్ళ మాట. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు నడిపిన ప్రభుత్వ సంస్థ బీజీఎంఎల్ మూతపడింది. ఆ మాటా ఆగింది. సైనైడ్ దిబ్బలు మిగిలాయి. గనితోపాటే ఆ ఇళ్ళలో పలికిన భౌతికశాస్త్రమూ మూతపడిందని నా వాదన.

మండీ ముఖం చూడని ఇంగ్లీషు మాధ్యమం పిల్లలూ లెక్కలు బాగానే చేస్తున్నారన్నది నిజమే.

అయినా సరిహద్దు జిల్లాలన్నిటా పరీక్షపత్రాలు పట్టుకుని బయలుదేరేవారికి ఒక మనవి: అదే ప్రశ్నను పుస్తకం మాటల్లో ఒకసారి, మండీ మాటల్లో ఒకసారి అడగండి, రెండు జవాబులనూ పక్కపక్కన అచ్చువేయండి.