గుజ్జు అరిగిందన్న మాట

మా గోదావరి సీమలో మోకాలు నొప్పి పుడితే చాలు, “గుజ్జు అరిగిపోయింది” అంటారు. బడిలో మాటలకు అర్థాలు చెప్పి బ్రతికినవాణ్ణి గనుక ఆ మాటను కాస్త పరీక్షించాను. గుజ్జంటే తరిగినప్పుడల్లా మళ్ళీ నింపుకోవచ్చుననే భ్రాంతి కలుగుతుంది. నిజానికది ఎముకల కొనలను కప్పి ఉండే నున్నని, గట్టి పొర. పాఠ్యపుస్తకాలలో దాని పేరు మృదులాస్థి. ముక్కు చెవులలోని ఇటువంటి మెత్తని ఎముకలను సుశ్రుతుడు తరుణాస్థులన్నాడు.

ఈ పొరలో రక్తనాళాలు లేవు. అందుచేత గాయమైతే తనంతట తాను మానదు. చెడిన మృదులాస్థి తిరిగి రాదని 1743లోనే విలియం హంటర్ లండనులో వ్రాశాడు. తరువాతి శస్త్రవైద్యుల చరిత్ర ఆ తీర్పును తిరగవ్రాసే ప్రయత్నమే.

1959లో బ్రిస్టల్ వైద్యుడు ప్రైడీ, అడుగు ఎముకకు రంధ్రాలు వేసి రక్తాన్ని పైకి రప్పించే పద్ధతిని వెల్లడించాడు. 1980లలో అమెరికాలో స్టెడ్‌మన్ దానినే సన్నని మొనతో సున్నితంగా చేసి మైక్రోఫ్రాక్చర్‌గా తీర్చాడు. అయితే అలా పుట్టేది అసలు పొర కాదు, మచ్చవంటి నారపొర. దాని మన్నిక తక్కువ. 1992లో హంగరీ వైద్యుడు హంగోడి, బరువు పడని చోటినుండి చిన్న చిన్న ముక్కలను ఎముకతో సహా పెకలించి గుంటలో నాటాడు. అంతకుముందే 1987లో స్వీడనులో రోగి కణాలనే ప్రయోగశాలలో పెంచి మోకాలిలో నాటారు. అచ్చంగా మన నారుమడీ ఊడ్పూ అన్నమాట! 23 మందిపై వచ్చిన ఫలితాలను 1994లో ప్రకటించారు.

ఇవన్నీ తక్కిన కీలు బాగుండి, ఒకచోట గుంటపడినవారికే. కీలంతా అరిగితే లోహపు కీలే గతి. శరీరమే తన కీళ్ళపై తిరగబడే రుమటాయిడ్ వాతంలోనైతే నాటినదీ నిలువదు. అక్కడ కత్తికంటె ముందు మందు కావాలి.

ఆ మందులలో ముఖ్యమైన మెథోట్రెక్సేట్, 1895లో భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ ప్రయోగశాల ఫలం. మొదట అది క్యాన్సరు మందు. కీళ్ళవాతానికి దానిని అమెరికా ప్రభుత్వం అనుమతించింది 1988లో. అప్పటికి ఆయన గతించి నలభై ఏళ్ళు.

కనుక మిత్రులారా, ఎవరైనా గుజ్జు అరిగిందంటే, “గుంటా? అరుగుదలా? వాతమా?” అని వైద్యుణ్ణి అడగమనండి. మూడింటికీ మనవాళ్ళ నోట మాట ఒక్కటే. చికిత్సలు మాత్రం వేరు.