శ్రీహరికోట నుంచి సైన్యపు తరంగాలు

సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సు దాటితే వచ్చే శ్రీహరికోట నుంచి 2009 ఏప్రిల్ 20 పొద్దున పీఎస్ఎల్వీ-సీ12 రాకెట్ రీశాట్-2 ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. రాడార్ కళ్లతో భూమిని చూసే భారత ఉపగ్రహాల్లో ఇదే మొదటిది. నిజానికి ముందు వెళ్లాల్సింది స్వదేశీ రాడార్ ఉన్న రీశాట్-1. 2008 నవంబరు ముంబయి దాడుల తర్వాత నిఘాకు తొందర పెరిగి, ఇజ్రాయెల్ రాడార్ అమర్చిన రీశాట్-2ను ముందుకు జరిపారు. విపత్తుల నిర్వహణకు అని కూడా ప్రకటించారు గానీ, సరిహద్దు కాపలాయే దాని అసలు పని అన్నది బహిరంగ రహస్యమే.

రీశాట్-2 వాడింది ఎక్స్ బ్యాండ్. దాని తరంగం పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు. తరంగం ఎంత పొట్టిదైతే చిన్న వస్తువులు అంత తేటగా కనిపిస్తాయి. మబ్బు పట్టినా, చీకటి పడినా చూపు ఆగదు. 2012లో వెళ్లిన రీశాట్-1ది సీ బ్యాండ్. ఆ తరంగం కాస్త పొడవు, పంటపొలాల పరిశీలనకు బాగా నప్పుతుంది.

మాట్లాడుకోవడానికి లెక్క వేరు. నౌకాదళపు సమాచార ఉపగ్రహం జీశాట్-7లో యూహెచ్ఎఫ్ బ్యాండ్ కూడా ఉంది. అలల మీద ఊగే ఓడ యాంటెన్నాను ఆకాశంలో ఒకే చుక్కకు గురిపెట్టి ఉంచడం కష్టం. యూహెచ్ఎఫ్‌కు అంత గురి అక్కర్లేదు. కాకపోతే సమాచారం నెమ్మదిగా నడుస్తుంది. 2013లో ఆ ఉపగ్రహాన్ని ఫ్రెంచ్ గయానా నుంచి పంపాల్సి వచ్చింది. వాయుసేన కోసం చేసిన జీశాట్-7ఏ మాత్రం 2018 డిసెంబరు 19న శ్రీహరికోట నుంచే వెళ్లింది. దానిది కేయూ బ్యాండ్: విమానం మీద పట్టేంత చిన్న యాంటెన్నాతోనే చాలా సమాచారం పంపవచ్చు, కానీ జోరు వాన కురిస్తే సంకేతం నీరసిస్తుంది. నౌకాదళానికే ఉద్దేశించిన 4,410 కిలోల సీఎంఎస్-03ను 2025 నవంబరు 2న ఎల్వీఎం3 రాకెట్ శ్రీహరికోట నుంచే మోసింది.

దారి చూపే ఉపగ్రహ వ్యవస్థ నావిక్ 1176.45 మెగాహెర్ట్జ్‌లో ఒక సంకేతం, 2492.028 మెగాహెర్ట్జ్‌లో మరొకటి పంపుతుంది. అయనావరణం ఈ రెంటినీ వేర్వేరుగా ఆలస్యం చేస్తుంది కనుక, తేడా చూసి తప్పు దిద్దుకోవచ్చు. అందులో గుప్త సంకేతాల సేవ సైన్యానికి కేటాయించినది. 2019 ఏప్రిల్ 1న వెళ్లిన ఎమిశాట్ పని వినడమే. ఇతరుల రాడార్లు ఏ పౌనఃపున్యంలో పలుకుతున్నాయో పసిగట్టడం.

ఈ తరంగాలేవీ సముద్రపు నీటిలోకి దిగవు. మునిగి ఉన్న జలాంతర్గామికి కబురు చేరాలంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య వీఎల్ఎఫ్ కావాలి. తరంగం కిలోమీటర్ల పొడవు కాబట్టి దాన్ని పంపే యాంటెన్నా సాధారణంగా నేల మీదే ఉంటుంది. తమిళనాడు తిరునెల్వేలి జిల్లాలోని ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ ఆ పని చేస్తోంది. రెండో కేంద్రానికి 2024 అక్టోబరులో తెలంగాణ వికారాబాద్ జిల్లా దామగుండంలో శంకుస్థాపన జరిగింది.