నీలం బూట్ల పాట ఎవరిది?

ఈరోజు ఒకే ఒక్క పాట గురించి మాట్లాడుకుందాం. 'బ్లూ స్వేడ్ షూస్'. ఈ పాట ఎవరిదంటే చాలామంది ఠక్కున ఎల్విస్ ప్రెస్లీ అంటారు. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నా. తర్వాత కార్ల్ పెర్కిన్స్ అనే పేరు కనపడింది. అసలు కథ అక్కడుంది.

ముందు రాకబిల్లీ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తా. 1950లలో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పల్లెటూరి తెల్లవాళ్ల పాటల్ని 'హిల్‌బిల్లీ' సంగీతం అనేవాళ్లు. కొంచెం ఎగతాళి కూడా ఉంది ఆ మాటలో. దానికి నల్లజాతి వాళ్ల బ్లూస్, రిథమ్ అండ్ బ్లూస్ ఊపు కలిస్తే వచ్చిందే రాకబిల్లీ. పెద్ద బేస్ వాయిద్యం తీగల్ని చేత్తో టపటపా కొడతారు, గొంతుకి ఎకో పెడతారు. మెంఫిస్‌లో సామ్ ఫిలిప్స్ నడిపిన సన్ రికార్డ్స్ అనే చిన్న స్టూడియో దీనికి పుట్టిల్లు లాంటిది.

కార్ల్ పెర్కిన్స్ 1932లో టెన్నెసీలో పుట్టాడు. అమ్మానాన్నలు పంటలో వాటాకి వేరేవాళ్ల భూమి సాగుచేసే పేద రైతులు. చిన్నప్పటి నుంచే పత్తి తీశాడు. అతనికి గిటార్ దారి చూపించింది, అదే చేలల్లో పనిచేసే జాన్ వెస్ట్‌బ్రూక్ అనే నల్లజాతి పెద్దాయన. రాకబిల్లీలో ఆ కలయిక ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడే తెలిసిపోతుంది.

ఇక పాట. జానీ క్యాష్ అప్పటికి సన్ రికార్డ్స్‌లోనే ఇంకో గాయకుడు. తను ఎయిర్‌ఫోర్స్‌లో జర్మనీలో ఉన్నప్పుడు తోటి సైనికుడొకడు మామూలు బూట్లనే 'ఇవి నీలం స్వేడ్ బూట్లు, తొక్కొద్దు' అని సరదాగా అనేవాడట. దానిమీద పాట రాయమని పెర్కిన్స్‌కి చెప్పాడు. స్వేడ్ అంటే తెలుసుగా, నూగులాగా మెత్తగా ఉండే తోలు. ఒక్క మరక పడితే పని అయిపోయినట్టే. కొన్నాళ్లకి, 1955 చివర్లో, ఒక డాన్స్ హాల్లో పెర్కిన్స్ వాయిస్తుంటే ముందు ఒక జంట డాన్స్ చేస్తోంది. కుర్రాడు అమ్మాయిని కసురుకుంటున్నాడు, నా బూట్లు తొక్కకు అని. అంత అందమైన అమ్మాయి పక్కనుంటే వీడికి బూట్ల గోలేంటి అని పెర్కిన్స్‌కి ఆశ్చర్యం. ఇంటికెళ్లినా నిద్ర పట్టలేదు. లేచి కూర్చున్నాడు, ఇంట్లో రాసుకోవడానికి కాగితం లేదు. బంగాళాదుంపల ఖాళీ కాగితం సంచి మీద రాశాడు. 'స్వేడ్' స్పెల్లింగ్ కూడా తప్పే రాశాడట! కొత్త తెల్ల షూస్ వేసుకుని బస్సెక్కినవాళ్లకి ఆ కుర్రాడి బాధ నేను వేరే చెప్పక్కర్లేదు.

1955 డిసెంబర్ 19న రికార్డింగ్. అన్న జే రిథమ్ గిటార్, తమ్ముడు క్లేటన్ బేస్, హాలండ్ డ్రమ్స్. 1956 జనవరి 1న విడుదల. కంట్రీ, పాప్, రిథమ్ అండ్ బ్లూస్ మూడు చార్టుల్లోనూ ఎక్కేసింది. ఆ రోజుల్లో శ్రోతల్ని రంగు చూసి విడగొట్టిన చార్టులవి. అన్నింట్లోకీ ఒకే పాట వెళ్లడం మామూలు విషయం కాదు.

మార్చి నెలలో న్యూయార్క్ నుంచి పిలుపు. పెరీ కోమో టీవీ షో. దేశమంతా చూస్తుంది. కారులో బయల్దేరారు. డెలావేర్‌లో డోవర్ దగ్గర తెల్లవారుజామున కారు ఒక ట్రక్కును గుద్దింది. ట్రక్కు నడిపే ఆయన చనిపోయాడు. పెర్కిన్స్‌కి మెడ ఎముకలు విరిగాయి, జేకి కూడా మెడకే దెబ్బ.

మరి ఎల్విస్? అతను కూడా సన్ కుర్రాడే. 1955 నవంబర్‌లో ఫిలిప్స్ అతని కాంట్రాక్టును ఆర్‌సీఏ కంపెనీకి 35,000 డాలర్లకి అమ్మేశాడు. 1956 జనవరి 30న ఎల్విస్ ఇదే పాట న్యూయార్క్‌లో రికార్డ్ చేశాడు. అతని మొదటి ఎల్‌పీలో మొదటి పాట ఇదే. ఏప్రిల్ 3న మిల్టన్ బెర్ల్ షోలో ఎల్విస్ దీన్ని పాడుతుంటే, పెర్కిన్స్ ఇంట్లో కోలుకుంటూ టీవీలో చూశాడు. అదే సమయంలో పెర్కిన్స్ రికార్డు పాప్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. మొదటి స్థానంలో ఉన్నది ఎల్విస్ 'హార్ట్‌బ్రేక్ హోటల్'.

ఎల్విస్ దొంగిలించాడు అనే మాట తప్పు, అది గట్టిగా చెప్తా. ఎల్విస్ సింగిల్ అమ్మకాల్లో పెర్కిన్స్‌ని దాటలేదు. పైగా ఎల్విస్ పాడినా ఎవరు పాడినా రాసినవాడిగా పెర్కిన్స్‌కి డబ్బు రావాలి. ఆ లెక్కల దగ్గరే గొడవ. పది లక్షల రికార్డులు అమ్మినందుకు కంపెనీ కాడిలాక్ కారు బహుమతిగా ఇచ్చింది. తర్వాత చూస్తే కారు ఖర్చు తన రాయల్టీలోంచే కోశారని పెర్కిన్స్ చెప్పుకున్నాడు. పాటల హక్కులు తిరిగి చేతికి రావడానికి 1970ల దాకా పట్టింది. అన్న జే 1958లో మెదడులో కణితితో చనిపోయాడు. పెర్కిన్స్ తాగుడులో పడ్డాడు, చాలా ఏళ్లకి బయటపడ్డాడు.

కవర్లు చాలా ఉన్నాయి. బడ్డీ హాలీ, ఎడ్డీ కాక్రన్ పాడారు. 1960లో వచ్చిన 'జీఐ బ్లూస్' సినిమాలో ఎల్విస్ జర్మనీలో అమెరికా సైనికుడు. అతను స్టేజి మీద పాడుతుంటే ఇంకో సైనికుడు వెళ్లి జ్యూక్‌బాక్స్‌లో ఎల్విస్ 'బ్లూ స్వేడ్ షూస్' పెడతాడు! జర్మనీలో సైనికుడి జోకుతో మొదలైన పాట మళ్లీ అక్కడికే చేరిందన్నమాట. 1969లో టొరంటోలో జాన్ లెనన్ ప్లాస్టిక్ ఓనో బ్యాండ్‌తో దీంతోనే మొదలుపెట్టాడు. బీటిల్స్ కుర్రాళ్లకి పెర్కిన్స్ అంటే పిచ్చి, అతని పాటలు మూడు రికార్డ్ చేశారు. 1998లో పెర్కిన్స్ పోయినప్పుడు అంత్యక్రియల్లో జార్జ్ హారిసన్ గిటార్ పట్టుకుని పాడాడు.

ఇప్పుడు ఒక పని చేయండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ముందు పెర్కిన్స్‌ది, వెంటనే ఎల్విస్‌ది వినండి. మొదట్లో పరుగు పందెంలో పిల్లల్లా లెక్కపెడతారు చూశారా, అక్కడ పెర్కిన్స్ ప్రతి అంకె తర్వాత కాస్త ఎక్కువసేపు ఆగుతాడు. ఎల్విస్ ఆ ఆగడాన్ని తీసేసి దూసుకుపోతాడు. నాకైతే ఆ ఆగడమే ఇష్టం.