పాసు మార్కు - ఎవరు గీసిన గీత?

మార్కులంటే మనవాళ్ళకి ఒకరకమైన భక్తి. 35 వస్తే పాసు, 34 వస్తే ఫెయిలు. ఆ 35 ఎక్కణ్ణించి ఊడిపడింది, 33 ఎందుకు కాదు, 38 ఎందుకు కాదు అని ఎవరూ అడగరు. పాసు మార్కు ఎలా పుడుతుందో తెలియాలంటే నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ అమెరికాలో హైస్కూలు మధ్యలో మానేసినవాళ్ళు రాసే జీఈడీ పరీక్ష. అక్కడున్న మనవాళ్ళు ఉద్యోగ ప్రకటనల్లో 'హైస్కూల్ డిప్లొమా లేదా జీఈడీ' అన్న ముక్క చూసే ఉంటారు. ఆ 'లేదా' వెనకాల ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది.

కథ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మొదలైంది. చదువు మధ్యలో వదిలేసి సైన్యంలోకి వెళ్ళిన కుర్రాళ్ళు బోలెడంతమంది. యుద్ధం చేసొచ్చినవాణ్ణి మళ్ళీ పదహారేళ్ళ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోమంటే కూర్చుంటాడా? మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యంలో పనిచేసినందుకే చాలామందికి చదువు క్రెడిట్లు ఉదారంగా ఇచ్చేశారు. ఈసారి అలా ఊరికే పంచకూడదు, వాళ్ళకి ఏమొచ్చో కొలిచి మరీ ఇవ్వాలని విద్యావేత్తలు పట్టుబట్టారు. అలా 1942లో పని మొదలైంది. అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన ఇ. ఎఫ్. లిండ్‌క్విస్ట్ ఇందులో ముఖ్యుడు. జవాబు పత్రాలని గబగబా చదివేసే ఆప్టికల్ స్కానర్ తయారీలోనూ, 1959లో ఏసీటీ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష మొదలవ్వడంలోనూ ఉన్నది ఈయనే. ఒకరకంగా మన జాతి మనిషే :)

తేదీలూ సూత్రాలూ బట్టీపట్టారా అని అడగడం ఆయనకి ఇష్టం లేదు. ఒక పేరా ఇచ్చి, దాన్నించి ఏం అర్థం చేసుకున్నారో అడిగాడు. ఇంగ్లీషు రాత, సాంఘికం, సైన్సు, సాహిత్యం, లెక్కలు - మొత్తం అయిదు పరీక్షలు.

సరే, మార్కుల సంగతికొద్దాం. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఇదే పరీక్షని ముందుగా హైస్కూలు పూర్తిచెయ్యబోతున్న ఆఖరి ఏడాది విద్యార్థుల చేత రాయించారు. వాళ్ళ సగటుని 50 అన్నారు, ప్రామాణిక విచలనాన్ని 10 అన్నారు. అంటే 50 వచ్చిందంటే సగం జవాబులు సరైనవని కాదు, ఆ విద్యార్థుల వరసలో నువ్వు సరిగ్గా మధ్యలో నిలబడ్డావని అర్థం. 60 వస్తే నూటికి సుమారు 84 మంది నీ వెనకాల ఉన్నట్టు. అప్పట్లో సిఫార్సు చేసిన కనీస స్కోరు ఏమిటో తెలుసా? ఒక్కో పరీక్షలో 35, లేదా అయిదింటి సగటు 45. మన 35కీ ఆ 35కీ పేరు ఒకటే, గోత్రం వేరు. మనది పేపరు మీద వచ్చిన మార్కు, వాళ్ళది వరసలో స్థానం.

1947లో న్యూయార్క్ రాష్ట్రం సైన్యంతో సంబంధం లేనివాళ్ళకి కూడా తలుపు తెరిచింది. 1959కల్లా రాసేవాళ్ళలో సైనికుల కంటే మామూలు జనమే ఎక్కువైపోయారు. అన్నిటికంటే చివరగా 1974లో కాలిఫోర్నియా వచ్చి చేరింది.

తరవాత గీత జరగడం మొదలైంది. 2002లో స్కేలు 200 నించి 800కి మారింది. ఒక్కో పరీక్షలో కనీసం 410, సగటు 450 రావాలన్నారు. ఆ గీతని ఎక్కడ పెట్టారంటే, స్కూలు పూర్తిచేస్తున్న పిల్లల్లోనే దాదాపు 40 శాతం మంది దాటలేని చోట పెట్టారు! ఆ 40 శాతానికీ డిప్లొమా మామూలుగానే వస్తుంది. స్కూలు మానేసినవాడు మాత్రం వాళ్ళందర్నీ దాటితేనే వాళ్ళతో 'సమానం'. ఇదెక్కడి సమానత్వమండీ?

2011లో పియర్సన్ కంపెనీ ఈ పరీక్షల సంస్థలో భాగస్వామిగా చేరింది. 2014లో పరీక్ష పూర్తిగా కంప్యూటర్ మీదకి వెళ్ళింది. సబ్జెక్టులు నాలుగయ్యాయి, స్కేలు 100 నించి 200 అయింది, పాసు 150. 2013 ఆఖరికి అన్ని పేపర్లూ పూర్తి చెయ్యనివాళ్ళు మళ్ళీ మొదటికొచ్చారు. న్యూయార్క్‌తో సహా కొన్ని రాష్ట్రాలు వేరే పరీక్షలకి వెళ్ళిపోయాయి. ఇక 2016 జనవరిలో పాసు స్కోరుని 145 చేశారు. జీఈడీ పాసైనవాళ్ళు కాలేజీల్లో హైస్కూలు పట్టభద్రుల కంటే బాగానే చదువుతున్నారు కాబట్టి గీత మరీ ఎత్తులో ఉందని సంస్థ వివరణ. చాలా రాష్ట్రాలు దీన్ని పాత తేదీ నించి అమలుచేశాయి. అంటే 147 దగ్గర ఆగిపోయి ఫెయిలైన మనిషి, కొత్తగా ఒక్క ప్రశ్నకీ జవాబు రాయకుండానే పాసైపోయాడు. మన భాషలో చెప్పాలంటే కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క అంకె మారింది. ఆ మధ్యకాలంలో 'డిప్లొమా లేదా జీఈడీ' అన్న గడి దగ్గర ఆగిపోయిన దరఖాస్తుల సంగతి ఎవరికి పట్టింది?

ఇంకో వైపు కూడా చూడాలి. 1993లో ఆర్థికవేత్తలు స్టీఫెన్ కామెరన్, జేమ్స్ హెక్‌మన్ ఒక పరిశోధన అచ్చువేశారు. ఉద్యోగాల మార్కెట్లో జీఈడీ ఉన్నవాళ్ళు హైస్కూలు పూర్తిచేసినవాళ్ళలా కాదు, అది లేకుండా చదువు మానేసినవాళ్ళలాగే ఉన్నారని తేల్చారు. రోజూ టైముకి రావడం, విసుగొచ్చినా మొదలెట్టిన పనిని వదలకపోవడం లాంటివి ఏ పరీక్షకీ దొరకవని హెక్‌మన్ తరవాత గట్టిగా వాదించాడు. నిజమే కావచ్చు. కానీ పనిలోకి దిగి ఆ గుణాలు చూపించుకోవాలన్నా ముందు ఆ గడి దాటాలి కదా!

నాకు అర్థమైంది ఇంతే. స్కోరులో రెండు వేరు వేరు విషయాలు కలిసుంటాయి. వరసలో నువ్వెక్కడున్నావన్నది కొలత. ఎక్కడిదాకా రానివ్వాలన్నది నిర్ణయం. కొలతకి గణితం ఉంది. నిర్ణయం మాత్రం ఒక గదిలో కూర్చుని కొందరు తీసుకునేది. జేఈఈ మెయిన్, ఎంసెట్ నార్మలైజేషన్ గురించి మన ఇళ్ళల్లో జరిగే వాదనలన్నీ కొలత గురించే. గీత గురించి మాత్రం నోరెత్తం.

మన కంపెనీల్లో 'పదో తరగతి నించీ అన్నిట్లో 60 శాతం' అని రెజ్యూమేలు వడబోసే పద్ధతి మీకు తెలియంది కాదు. ఈసారి మీ చేతికి ఆ జల్లెడ వస్తే, ఆ 60ని ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, దేన్ని చూసి పెట్టారు అని ఒక్కసారి అడగండి. సమాధానం దొరక్కపోతే, 59 దగ్గర ఆగిపోయినవాళ్ళ రెజ్యూమేలు కూడా తెరిచి చూడండి.