హాస్యమును సంఘసంస్కరణమును

లండను నగరమున 1841వ సంవత్సరమందు "పంచ్" అను హాస్యపత్రిక వెలసినది. రాణిగారినైనను మంత్రులనైనను బొమ్మ వేసి పరిహసించుట దాని పని. 1843లో పార్లమెంటు భవనమున వేయింపదలచిన గొప్ప చిత్రముల నమూనాలను ప్రదర్శించుచుండగా, వానిని చూడవచ్చిన చింకిగుడ్డల పేదలను ఆ పత్రిక బొమ్మగా వేసినది. అన్నమడిగినవారికి బొమ్మలు చూపుచున్నారని దాని భావము. అంతవరకు నమూనాచిత్రమునకు పేరైన "కార్టూను" అను మాట నాటినుండి వ్యంగ్యచిత్రమునకు పేరైనది.

1861లో భర్త మరణింపగా విక్టోరియారాణి నలువదిరెండవయేట నల్లని దుస్తులు దాల్చి, కొలువు మాని యేకాంతముగా నుండజొచ్చెను. 1865లో అదే పత్రిక ఆమెను పీఠముపై నిలిచిన రాతిప్రతిమగా చిత్రించి, బ్రిటన్ దేశము స్త్రీరూపమున వచ్చి ఆమెను దిగిరమ్మని వేడుకొనుచున్నట్లు చూపినది. రాణి యేకాంతము ఆమె కోరి తెచ్చుకొన్నది. ఆమె యేలుబడిలోనే మన గోదావరితీరమున ముక్కుపచ్చలారని బాలవితంతువులు తాము కోరని యేకాంతమున మ్రగ్గుచుండిరి. పునర్వివాహమునకు 1856లోనే చట్టము అనుమతి యిచ్చినను, వారిని రమ్మని పిలుచువారు లేకపోయిరి.

ఆ పిలుపునకు పూనుకొన్నవారు రాజమహేంద్రవరపు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఆయన 1874లో వివేకవర్ధనిని, 1876లో హాస్యసంజీవనిని ప్రారంభించిరి. లండను పత్రిక బొమ్మతో చేసినదానిని ఆయన మాటతో చేసిరి. "బ్రహ్మవివాహము" అను ప్రహసనమున కాటికి కాళ్లుచాచిన వృద్ధుడు పసిపిల్లను పెండ్లాడుటను నవ్వులపాలు చేసిరి. ఆ పరిహాసము వితంతువును గూర్చినది కాదు. పసిపిల్లను వితంతువుగా చేయు పెద్దలను గూర్చినది.

అయినను నవ్వుటవలన పెండ్లి జరుగదు. దానికి ధనము కావలెను, తోడు కావలెను, వెలికి వెరవని గుండె కావలెను. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చి నిలిచిరి. 1881 డిసెంబరు 11వ తేదీన పంతులుగారి యింట తొలి వితంతువివాహము జరిగెను. బంధువులు దూరమైరి. వంటవారును నీళ్లవారును రాకపోగా, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి వండిపెట్టిరి. ప్రహసనము చదివి నవ్వుట సులభము. ఆ బిందె నెత్తుకొనుట కష్టము. మార్పు వచ్చినది ఈ రెండును ఒకే యింట కలిసినందువలన.

పెద్దలారా, మన రచ్చబండలమీద ఛలోక్తులకు నేడును కొరత లేదు. కాని శుభకార్యమునాడు వితంతువు వెనుకగదిలోనే నిలిచిపోవుట అనేకగృహములలో నింకను కలదు. ఆమె పుట్టినింట పెండ్లి జరుగును; తలుపుచాటునుండి ఆమె చూచును. అట్టివారిని పందిటిలోనికి పిలిచి, పదిమందిలో నక్షతలు చేతికిచ్చుటకు చట్టమక్కరలేదు, ధనమక్కరలేదు. ఇంటిపెద్ద నోట ఒక మాట వచ్చిన చాలును.