కంచె ఖర్చు ఎవరి నెత్తిన?

చేలో పశువు పడితే జరిమానా ఎవరు కట్టాలి? మన ఊళ్లలో దీనికి బందెలదొడ్డే జవాబు. పశువు గలాయన డబ్బు కట్టి విడిపించుకోవాల్సిందే. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం చెప్పిందీ అదే. ఆ రోజుల్లో అమెరికా నడిమి మైదానాల్లో న్యాయం దీనికి తలకిందులు. పశువులు ఇష్టమొచ్చినచోట మేయొచ్చు, పంట దక్కాలంటే రైతే కంచె కట్టుకోవాలి. అక్కడి కంచెల చరిత్ర అంతా ఈ ఖర్చు మీద తగువేనని నా అభిప్రాయం.

1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద కొద్దిపాటి రుసుము కట్టి, 5 ఏళ్లు కాపురముండి సాగు చేస్తే 160 ఎకరాలు సొంతం. ఆ నేల అప్పటిదాకా పానీ, షయాన్, లకోటా వంటి తెగలు బతికిన నేలేనన్న సంగతి వేరే చెప్పాలి. ఎకరాలైతే వచ్చాయి గానీ చెట్లేవీ? నెబ్రాస్కా, కాన్సాస్‌లలో ఇంటి గోడకే కలప దొరకలేదు. వేళ్లతో సహా పచ్చికను నాగలితో పెళ్లలుగా కోసి, గడ్డివైపు కిందికి తిప్పి పేర్చుకున్నారు. వాన పడితే కప్పులోంచి బురద కారేది. పొయ్యిలోకి అడవిదున్నల ఎండుపేడ.

ఇక కంచెకు కలప ఎక్కడిది? దేశం మొత్తంలోని కంచెల విలువ 170 కోట్ల డాలర్ల పైమాటేనని 1871లో వ్యవసాయ శాఖ లెక్కగట్టింది. కొందరు ఓసేజ్ ఆరెంజ్ అనే ముళ్ల చెట్టును దడిగా పెంచారు. పశువును ఆపేంత గుబురు కావడానికి ఏళ్లు పట్టేది, అందాకా పైరు గతి దేవుడికే ఎరుక. 1872లో కాన్సాస్, పశువులను అదుపులో పెట్టుకునే బాధ్యతను యజమాని మీదికి నెట్టే వీలు కౌంటీలకిచ్చింది.

1873లో ఇల్లినాయ్‌లోని డికాల్బ్ సంతలో మేకులు దిగ్గొట్టిన చెక్కపట్టీ ఒకటి ప్రదర్శనకొచ్చింది. దాన్ని చూసిన జోసెఫ్ గ్లిడెన్ అనే రైతు, కాఫీ గింజల మరతో తీగను వంచి ముళ్లు చేశాడు. ముల్లు పక్కకు జారకుండా రెండో తీగను మెలేశాడు. కొత్తదనమంతా ఆ మెలికలోనే ఉంది. 1874 నవంబర్ 24న పేటెంట్ వచ్చింది. ఆ ఏడాది నూరు పౌన్ల తీగ 20 డాలర్లు. 1897 నాటికి 2 డాలర్లలోపే.

తీగ చౌకైనా రాటలు కావాలిగా! మధ్య కాన్సాస్‌లో మన రాతి కడీల్లాంటివే పాతారు. పైమట్టి తీస్తే సున్నపురాయి పొర బయటపడుతుంది. వరసగా బెజ్జాలు తొలిచి, ఇనుప మేకులు పెట్టి, ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా కొట్టుకుంటూ పోతే రాయి నిలువునా చీలుతుంది. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడే రాయి అది. ఒక్కో కడీ రెండువందల కిలోల దాకా తూగేది. వాటిలో చాలా ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

పైరు కాయాల్సిన తీగను పెద్ద పశువుల కామందులు సర్కారు భూముల చుట్టూ, నీటి చెలమల చుట్టూ తిప్పారు. కంచే చేను మేయడమంటే ఇదే. 1883 కరువులో టెక్సాస్‌లో నీళ్లందని చిన్న పశుపోషకులు రాత్రిళ్లు తీగలు కత్తిరించారు, కాల్పులూ జరిగాయి. మరుసటేడు తీగ కోయడం జైలుశిక్షకు తగిన నేరమైంది. అదే శాసనసభ, దారికి అడ్డంగా వేసిన కంచెకు ప్రతి 3 మైళ్లకూ ఒక గేటు పెట్టాలని కూడా చెప్పింది. సర్కారు భూమిని చుట్టేయడాన్ని కేంద్రం 1885లో నిషేధించింది. ఆ చలికాలమే మంచుతుపానుకు దక్షిణానికి పరుగెత్తిన మందలు, టెక్సాస్ ఉత్తర కొసన వేసిన పొడవాటి కంచె దాటలేక దాన్నానుకునే గడ్డకట్టి చచ్చాయి.

తగువు నేటికీ తెగలేదు. నెవాడా, ఐడహో రాష్ట్రాల్లో కంచెలేని మేతభూమి రోడ్డు మీద కారు ఆవును గుద్దితే, నష్టానికి ఆవు యజమాని బాధ్యుడు కాడు.